కొంబుచా: ముందు తోడును పెంచాలి, ఆ తరువాతే పానీయం

పులిసిన తేనీటి పానీయమైన కొంబుచా కొన్నేళ్లుగా మన నగరాల దుకాణాలలో కనిపిస్తున్నది. ఇప్పుడది మన వంటిళ్లలోకి కూడా ప్రవేశించింది. బయట కొనే సీసా ఖరీదైనది కనుకనూ, ఇంట్లో చేసుకొన్నది మంచిదనే నమ్మకం వలననూ చాలామంది దానిని స్వయంగా తయారు చేసుకోవాలని ఉత్సాహపడుతున్నారు. ఆ ఉత్సాహాన్ని నేను తప్పుపట్టను. అయితే తొలిసారి కొంబుచా పెట్టేవారిలో ఎక్కువమంది అడిగే ప్రశ్న ‘ఎన్నవ రోజున తాగవచ్చు?’ అనేది. అంతకు ముందు అడగవలసిన ప్రశ్న మరొకటి ఉన్నది: ‘నా సీసాలో పెరుగుతున్నది ఏది?’

మొదటి నెలలో మనం పెంచేది ఒక సూక్ష్మజీవుల కుటుంబాన్ని. ఆ కుటుంబం బలంగా నిలద్రొక్కుకొంటే పానీయం దానంతటదే వస్తుంది. అది బలహీనమైతే అదే తీపి తేనీటిలో బూజులు, ఇతర సూక్ష్మజీవులు కాపురం పెడతాయి. కాబట్టి తొలి సీసాను తాగడానికి కాక తోడు కోసమే పెట్టుకోవాలని నా అభిప్రాయం. దానికి కారణాలను, పద్ధతిని ఈ వ్యాసంలో వివరిస్తాను.

కొంబుచా అంటే ఏమిటి?

చక్కెర కలిపిన తేనీటిని ఒక ప్రత్యేకమైన తోడుతో వారం పది దినాలు పులియబెడితే వచ్చే పుల్లని పానీయం కొంబుచా. ఇది ఈశాన్య చైనా ప్రాంతంలో పుట్టినదని సాధారణంగా చెబుతారు. అక్కడి నుండి రష్యాకు చేరి ఇంటింటి పానీయమయింది. రష్యనులు దీనిని ‘తేనీటి పుట్టగొడుగు’ అనే అర్థం వచ్చే పేరుతో పిలుస్తారు. జపానులో కొంబుచా అంటే సముద్రపు నాచుతో చేసే వేరొక పానీయం. మనం మాట్లాడుతున్న పానీయాన్ని వారు కూడా పుట్టగొడుగు పేరుతోనే పిలుస్తారు. నిజానికి ఇందులో పుట్టగొడుగు లేదు. సీసా పైభాగాన తేలే గుండ్రని దళసరి పొరను చూసి పెట్టిన పేరది. ఆ పొరనే నేడు స్కోబీ అంటున్నారు.

ఈ తోడులో రెండు జాతుల సూక్ష్మజీవులు కలిసి బ్రతుకుతాయి. మొదటివి ఈస్టులు. అవి చక్కెరను గ్లూకోజు, ఫ్రక్టోజులుగా విడగొట్టి, వాటి నుండి సారాయాన్ని, బొగ్గుపులుసు వాయువును తయారు చేస్తాయి. రెండవవి ఎసిటిక్ ఆమ్ల బాక్టీరియాలు. అవి ప్రాణవాయువు సహాయంతో ఆ సారాయాన్ని ఎసిటిక్ ఆమ్లంగా, గ్లూకోజులో కొంత భాగాన్ని గ్లూకోనిక్ ఆమ్లంగా మారుస్తాయి. తాటికల్లును ఎరిగినవారికి ఇది కొత్త విషయం కాదు. తెల్లవారుజామున చెట్టు దింపినప్పుడు తియ్యగా ఉండే కల్లు పొద్దెక్కేకొలది మత్తును, ఆపైన పులుపును సంతరించుకొనడం ఈ క్రమంలోనే జరుగుతుంది. కల్లులో ఒకటి తరువాత ఒకటిగా తెలిసే ఈ మార్పులు కొంబుచాలో కలగలిసి, నెమ్మదిగా సాగుతాయి.

పొరకు కీర్తి, ద్రవానికి శక్తి

కొంబుచా పేరు చెప్పగానే అందరూ ఆ పొరను గురించే మాట్లాడతారు. దానిని డబ్బు పెట్టి కొంటారు, తపాలాలో తెప్పించుకొంటారు, దళసరిగా ఉన్నదా, పలుచగా ఉన్నదా అని పరీక్షిస్తారు. ఆ పొరలో ప్రధానమైన పదార్థం సెల్యులోజు. అంటే దూదిలోనూ, కాగితంలోనూ ఉండే పదార్థమే. వెనిగరులో పెరిగే బాక్టీరియా ఇటువంటి సెల్యులోజు పొరను అల్లుతుందని 1886లోనే ఏడ్రియన్ బ్రౌన్ అనే ఆంగ్ల శాస్త్రవేత్త వర్ణించాడు. ఫిలిప్పీన్స్ దేశంలో అదే జాతి బాక్టీరియాతో కొబ్బరినీటిపై పొరను పెంచి, కడిగి, ముక్కలు చేసి, తీపిపాకంలో వేసుకొని తింటారు. పొర అనేది బాక్టీరియాలు గాలి తగిలేచోట నిలబడడానికి కట్టుకొన్న తెప్ప మాత్రమే.

పొరలోనూ సూక్ష్మజీవులు చిక్కుకొని ఉంటాయి, నిజమే. కాని చురుకైన ఈస్టులు, బాక్టీరియాలు, అన్నింటికంటె ముఖ్యంగా ఆమ్లం, ఉండేది పులిసిన ద్రవంలో. పెరుగు తోడు పెట్టడానికి పొరుగింటికి వెళ్లినప్పుడు మనం గిన్నె అందాన్ని చూడము. తోడు పుల్లగా ఉన్నదా, కమ్మగా ఉన్నదా అని చూస్తాము. ఇక్కడా అంతే. పొర లేకుండా మంచి పుల్లని ద్రవంతో కొంబుచా పెడితే పది దినాలలో కొత్త పొర దానంతటదే ఏర్పడుతుంది. పుల్లని ద్రవం లేకుండా పొరను మాత్రమే తీపి తేనీటిలో వేస్తే బూజుకు ఆహ్వానం పలికినట్లే. తోడు ఇచ్చేవారు పొరతో పాటు కనీసం ఒక గ్లాసు పుల్లని ద్రవం ఇవ్వకపోతే, వారు మీకు సగం తోడే ఇచ్చారని గ్రహించండి.

ఆమ్లమే కావలి

పాలు మరగగానే అందులోని చాలా సూక్ష్మజీవులు నశిస్తాయి. తోడు వేసిన కొద్ది గంటలలోనే పెరుగు తోడుకొంటుంది. కొంబుచా స్థితి వేరు. చల్లారిన తీపి తేనీరు వారం పది దినాలు గుడ్డ కప్పుకొని గాలిలో ఉంటుంది. ఆ కాలమంతా దానికి కావలి కాసేది ఆమ్లమే.

ఆమ్లగుణాన్ని పీహెచ్ అనే కొలతతో లెక్కిస్తారు. అంకె తగ్గేకొలది ఆమ్లగుణం పెరుగుతుంది. స్వచ్ఛమైన నీటిది 7. ప్రాణాంతకమైన బోట్యులినమ్ విషాన్ని పుట్టించే బాక్టీరియా 4.6 కంటె తక్కువ పీహెచ్‌లో పెరగలేదు. తోడు కలిపిన తొలి నిమిషంలోనే మీ సీసా 4.5 కంటె దిగువకు రావాలి. వారం పది దినాలకు అది 4.2 కంటె తగ్గి, సాధారణంగా 2.5, 3.5ల మధ్యకు చేరుతుంది. 2.5 కంటె దిగితే అది తాగడానికి తగనంత ఆమ్లం. తోడుగానో, వెనిగరుగానో వాడుకోవచ్చు. పీహెచ్ కాగితపు పట్టీలు చౌకగానే దొరుకుతాయి. కొంబుచా పెట్టదలచినవారు పొరను కొనడానికి ముందు ఈ పట్టీలు కొనాలని నేను చెబుతాను.

తొలి తోడును పెంచే పద్ధతి

ఒక లీటరు సీసాకు ఈ కొలతలు సరిపోతాయి: నీళ్లు 800 మిల్లీలీటర్లు, చక్కెర 70 గ్రాములు, తేయాకు పొడి 5 లేక 6 గ్రాములు, పుల్లని తోడు ద్రవం 200 మిల్లీలీటర్లు, పొర ఉంటే పొర. నీటిని మరిగించి దింపి, తేయాకు వేసి పది నిమిషాలు మూతపెట్టి, వడగట్టి, చక్కెర కరిగించాలి. తేనీరు పూర్తిగా చల్లారిన తరువాతనే తోడు కలపాలి. వేడి తేనీటిలో తోడు పోస్తే, వేడి పాలలో తోడు వేసినట్లే, మనకు కావలసిన జీవులే ముందు చస్తాయి.

సీసా మూతిని దగ్గరి నేత గల శుభ్రమైన నూలుగుడ్డతో కప్పి దారంతో బిగించి కట్టాలి. పలుచని వలగుడ్డ పనికిరాదు. పండ్ల మీద ముసిరే చిన్న ఈగలు అందులో నుండి దూరి గ్రుడ్లు పెడతాయి. బిగుతైన మూత కూడా పనికిరాదు. ఆమ్లాన్ని తయారుచేసే బాక్టీరియాలకు గాలి కావాలి. ఎండ తగలని, గాలి ఆడే చోట, పండ్ల బుట్టకూ చెత్తబుట్టకూ దూరంగా సీసాను ఉంచి కదపకుండా వదిలివేయాలి. మూడు నాలుగు దినాలలో పైన పలుచని పొర కనబడుతుంది. ఏడవ దినం నుండి శుభ్రమైన చెంచాతో కొంచెం తీసి పీహెచ్ చూడవచ్చు. పది దినాలు గడచినా పొర జాడ లేక, పులుపు ఎక్కక, తేనీరు తియ్యగానే ఉన్నట్లయితే ఆ తోడు బలహీనమైనదని గ్రహించి పారబోయండి.

తోడు ఇచ్చేవారు లేనప్పుడు దుకాణంలో కొన్న కొంబుచాతో కూడా తోడును పెంచవచ్చు. అయితే అది వేడిచేసి సూక్ష్మజీవులను చంపినదిగాని, వడగట్టినదిగాని, అల్లం, మామిడి వంటి రుచులు కలిపినదిగాని కాకూడదు. సీసా అడుగున మడ్డి కనబడితే మంచి గుర్తు. అటువంటి కొంబుచా 250 మిల్లీలీటర్లకు, చల్లారిన తీపి తేనీరు 250 మిల్లీలీటర్లు కలిపి కదపకుండా ఉంచితే రెండు నుండి నాలుగు వారాలలో పొర కట్టి పుల్లబడుతుంది. ఈ మార్గంలో ఓర్పే పెట్టుబడి.

తొలి సీసా పుల్లబడిన తరువాత దానినంతటినీ తోడుగా దాచుకొని రెండవ సీసా, మూడవ సీసా పెట్టండి. ప్రతి విడతలోనూ ఒకే తీరుగా పొర కట్టి, ఒకే తీరుగా పీహెచ్ దిగుతూ, శుభ్రమైన వెనిగరు వాసన వస్తుంటే మీ తోడు స్థిరపడినట్లు. అప్పుడు తాగడం గురించి ఆలోచించవచ్చు. ప్రతిసారీ తరువాతి విడత కోసం ఐదవ వంతు ద్రవాన్ని ముందుగా తీసి ఉంచడం మరువకండి. తోడును రిఫ్రిజిరేటరులో దాచడం కూడా మంచిది కాదు. చలికి అది మందగిస్తుంది; తిరిగి బయటపెట్టినప్పుడు అది కోలుకొనేలోపు బూజు ముందడుగు వేస్తుంది. పుల్లని ద్రవంలో మునిగి, గది ఉష్ణోగ్రతలో ఉండడమే దానికి క్షేమం.

పాత్ర, నీరు, తీపి

పాత్ర గాజుదై ఉండాలి. రాగి, ఇత్తడి, అల్యూమినియం పాత్రలను ఆమ్లం కరిగిస్తుంది. పచ్చళ్ల జాడీలు కూడా వద్దని చెబితే కొందరు ఆశ్చర్యపోతారు. మెరుపు పూతలో సీసం లోహం ఉన్నదీ లేనిదీ కంటితో చెప్పలేము. 1998లో ఆస్ట్రేలియా వైద్యపత్రికలో ఒక దంపతుల కథనం వెలువడింది. వారు ఆరు నెలల పాటు పింగాణీ కుండలో పెట్టిన కొంబుచాను తాగి, సీసపు విషప్రభావానికి లోనయి, దానికి చికిత్స పొందవలసి వచ్చింది. ఆ సందర్భంలో తోడు దోషం లేదు, దోషమంతా పాత్రదే.

కుళాయి నీటిలోని క్లోరిన్ మన తోడుకు శత్రువు. నీటిని కొన్ని నిమిషాలు మరిగిస్తే చాలావరకు పోతుంది. తొలి విడతలకు సాదా నల్ల తేయాకు, సాదా తెల్ల చక్కెర శ్రేష్ఠం. సుగంధ నూనెలు కలిపిన తేయాకు, మసాలా దినుసులు, పాలు పనికిరావు. బెల్లం మంచిది కదా అని అడుగుతారు. బెల్లం ఊరూరికీ, తయారీ తయారీకీ మారుతుంది. తోడు స్థిరపడే దశలో ఆ మార్పులు వద్దు. పచ్చి తేనెలో దాని సూక్ష్మజీవులు దానికి ఉంటాయి, బోట్యులినమ్ బీజాలు కూడా ఉండవచ్చు. ‘చక్కెర మానివేస్తే ఆరోగ్యం’ అనుకొని కృత్రిమ తీపి పదార్థాలు వేస్తే తోడు ఆకలితో చస్తుంది. చక్కెర ఇక్కడ ముందుగా ఆ జీవుల ఆహారం.

తోడు ద్రవం తక్కువైతే వెనిగరు పోయవచ్చునా? మన అంగళ్లలో విరివిగా దొరికే సింథటిక్ వెనిగరు పీహెచ్‌ను తగ్గించగలదు. అందులో జీవం లేదు. అది ఆపద్ధర్మమే గాని తోడుకు ప్రత్యామ్నాయం కాదు.

మన వేసవి మాట

కొంబుచా తోడుకు 24 నుండి 30 డిగ్రీల సెల్సియస్ ఉష్ణోగ్రత అనుకూలం. చలిదేశాలలో వ్రాసిన సూచనలలో సీసాకు వెచ్చదనం కల్పించే ఉపాయాలు ఉంటాయి. మనకు ఉన్న చిక్కు దానికి వ్యతిరేకం. రామగుండంలోనో, విజయవాడలోనో మే మాసంలో 40 డిగ్రీలు దాటే వేడిలో ఈ జీవుల సమతౌల్యం చెడిపోతుంది. తొలి తోడును పెంచడానికి అక్టోబరు నుండి ఫిబ్రవరి వరకు ఉన్న కాలం మనకు అనువైనది. వేసవిలో నిలద్రొక్కుకొన్న తోడుతోనే, ఇంటిలో చల్లని మూలన, తక్కువ దినాలు పులియబెట్టాలి. పుస్తకంలో పది దినాలని ఉన్నదని పది దినాలు ఆగకండి. పీహెచ్ పట్టీ చెప్పినదే వినండి.

బూజును గుర్తించడం

పొర మునిగినా, వంకరగా పెరిగినా, అడుగున గోధుమరంగు పోగులు వ్రేలాడినా భయపడనక్కరలేదు; ఆ పోగులు ఈస్టులు. బూజు మాత్రం ఎప్పుడూ పైభాగాన, పొడిగా, నూగుతో, తెలుపు, ఆకుపచ్చ, నలుపు మచ్చలుగా వస్తుంది. నిలవున్న రొట్టెపై పట్టే బూజును తలచుకొంటే పోలిక తెలుస్తుంది.

బూజు కనబడిన నాడు ద్రవాన్నీ పొరనూ కలిపి పారవేయాలి. మనకు పచ్చడి మీది బూజును తీసివేసి కిందిది తినే అలవాటు ఉన్నది. ఆ అలవాటును ఇక్కడికి తీసుకురాకండి. పైకి కనబడే నూగు కింద బూజు దారాలు వ్యాపించి ఉంటాయి. కొన్ని బూజులు పుట్టించే విషపదార్థాలు ద్రవంలో కలుస్తాయి, కడిగితే పోవు. మూడు వారాల శ్రమ పోయిందన్న బాధ సహజం. ఆ తోడు ధర కొన్ని చెంచాల చక్కెర, కొంత తేయాకు మాత్రమే.

ఎవరు దూరంగా ఉండాలి?

1995లో అమెరికాలోని అయోవా రాష్ట్రంలో ఇంట చేసిన కొంబుచాను నిత్యం తాగుతున్న ఇద్దరు స్త్రీలకు రక్తంలో ఆమ్లం ప్రమాదకరంగా పెరిగింది. వారిలో ఒకరు మరణించారు. కొంబుచాయే కారణమని నిర్ధారణ కాలేదు. ఆ సందర్భంగా ఆ దేశపు వ్యాధి నియంత్రణ కేంద్రం, ఆరోగ్యవంతులకు దినానికి సుమారు 120 మిల్లీలీటర్లు హాని చేయకపోవచ్చుననీ, అంతకు మించి తాగేవారికీ, అంతకు ముందే వ్యాధులున్నవారికీ కలిగే ప్రమాదం తెలియదనీ పేర్కొన్నది. ఆ జాగ్రత్త నేటికీ సమంజసమేనని నా భావన.

మూత్రపిండాల వైఫల్యం ఉన్నవారు అదనపు ఆమ్లాన్ని విసర్జించలేరు. అవయవ మార్పిడి జరిగినవారు, కర్కటవ్రణాలకు ఔషధాలు వాడుతున్నవారు, ఇతర కారణాల వలన రోగనిరోధక శక్తి తగ్గినవారు ఇంట పులియబెట్టిన, వేడిచేయని ఈ పానీయాన్ని తాగరాదు. ఇందులో కొంత సారాయం ఉంటుంది. దుకాణపు పానీయాలలో దానిని 0.5 శాతానికి లోపు ఉంచుతారు. ఇంటిలో చేసినది ఆ హద్దును దాటవచ్చు. బిగుతైన సీసాలో రెండవమారు పులియబెడితే సారాయమూ, వాయువు ఒత్తిడీ రెండూ పెరుగుతాయి. గాజు సీసాలు పగిలే ప్రమాదం కూడా ఉన్నది. కాబట్టి గర్భిణులు, పసిపిల్లలు, కాలేయ వ్యాధులున్నవారు, మద్యం మానుకొన్నవారు దీనికి దూరంగా ఉండాలి. ఉదరామ్లపు మంట ఉన్నవారికి ఇది బాధను పెంచవచ్చు.

మధుమేహం ఉన్నవారికి ఒక మాట. చక్కెరనంతా తోడు తినివేస్తుందనుకోవడం పొరపాటు. వారం పది దినాల తరువాత కూడా దానిలో గణనీయమైన భాగం ద్రవంలో మిగిలే ఉంటుంది. కొంబుచా తాగినవారిలో పరగడుపు గ్లూకోజు తగ్గినట్లు 2023లో అమెరికాలో ఒక చిన్న అధ్యయనం వెలువడింది. అందులో పాల్గొన్నది 12 మంది, కాలం నాలుగేసి వారాలు. పెద్ద అధ్యయనాలకు అది ప్రేరణ కాగలదు గాని, మందులు మానడానికి ఆధారం కాజాలదు. జీర్ణశక్తి, కీళ్లనొప్పులు, కర్కటవ్రణం అంటూ ప్రచారంలో ఉన్న మిగిలిన మహిమలలో చాలావాటికి మనుషులపై జరిపిన పరిశోధనల బలం లేదు.

ఇంత శ్రమ అవసరమా?

‘రష్యాలో తరతరాలుగా ఇంటింటా చేసుకొన్నారు, వారికి పీహెచ్ పట్టీలు ఉన్నాయా?’ అని ఎవరైనా అడగవచ్చు. అది న్యాయమైన ప్రశ్నే. వారికి పట్టీలు లేవు, కాని పొరుగింటి అవ్వ ఉన్నది. ఆమె తోడుతో పాటు తన అనుభవాన్నీ ఇచ్చేది. మన తెలుగునాట గంజిని పులియబెట్టే తరవాణి కుండ కూడా అలాగే నిలిచింది. ఏ వాసన మంచిది, ఏ రోజున కుండ ఖాళీ చేసి కడగాలి అన్నది పెద్దలు పక్కనుండి నేర్పేవారు. నేడు ఒక ప్లాస్టిక్ సంచిలో వచ్చే పొరతో ఆ అనుభవం రాదు. అది లేని లోటును కొలతలతోనూ, ఓర్పుతోనూ పూరించుకోవాలి.

ఆ ఓర్పు లేనివారు చిన్నబుచ్చుకోనక్కరలేదు. రాత్రి తోడు వేసి ఉదయం చిలికిన మజ్జిగలో చక్కెర లేదు, సారాయం లేదు. దానిని పెంచే విద్య మన ఇళ్లలో ఇంకా బ్రతికే ఉన్నది. కొంబుచాను ఔషధంగా భావించి తాగవలసిన అవసరం ఎవరికీ లేదు. దానిని ఒక రుచిగా, ఒక జీవశాస్త్ర పాఠంగా ఇష్టపడేవారు మాత్రం తొలి నెలను తోడుకే కేటాయించండి. మీ తోడు స్థిరపడిన తరువాత ఎవరైనా అడిగితే పొరతో పాటు ఒక గ్లాసు పుల్లని ద్రవాన్నీ, రెండు పీహెచ్ పట్టీలనూ, బూజు పడితే అంతా పారవేయమనే మాటనూ కలిపి ఇవ్వండి.